ఊరు కదలకుండా చదవాల్సిన శాస్త్రం

మన దేశంలో వ్యవసాయ డిగ్రీని దూరవిద్యలో చదవడానికి వీల్లేదు. 2019లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) ఈ నిర్ణయం తీసుకుంది. 2020లో వచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల్లో కూడా ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, న్యాయశాస్త్రాల సరసన వ్యవసాయాన్ని, ఉద్యాన శాస్త్రాన్ని నిషిద్ధ జాబితాలో చేర్చింది. వ్యవసాయం సాంకేతిక విద్య అనీ, ప్రాక్టికల్స్, ప్రయోగశాల లేకుండా అబ్బదనీ కారణం చెప్పారు.

నేను ఒక విదేశీ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల అగ్రోఎకాలజీలో, అంటే వేడి దేశాల పొలాన్ని ఒక జీవావరణంగా చూసే శాస్త్రంలో, ఎమ్మెస్సీ చదువుతున్నాను. అదీ దూరవిద్యలోనే. పగలు అనంతపురం దగ్గర ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో ఉద్యోగం, రాత్రి చదువు. సెలవు రోజుల్లో మా మామగారి నాలుగెకరాల ఎర్ర నేల. ఆ నిషేధం వెనక ఉన్న భయం న్యాయమైనదేనని నాకు తెలుసు. పత్రాలు అమ్ముకునే దుకాణాలను మనమంతా చూశాం. ఒక్క పైరునైనా ముట్టుకోకుండా వ్యవసాయ పట్టా తెచ్చుకున్నవాడు రేపు వ్యవసాయాధికారి అయితే నష్టపోయేది రైతే. అయినా అగ్రోఎకాలజీ విషయంలో ఈ తీర్పు తలకిందులుగా ఉందని నా వాదన. ఎవరి నేల మీద వాళ్ళు ఉండి చదివితేనే వంటబట్టే శాస్త్రమిది. దాన్ని చదవడానికి ఊరు వదిలి రమ్మనడమే అసలు నష్టం.

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఈ వాదనకు బలం ఉంది. పేరు 1920ల చివరి నుంచీ వాడుకలో ఉన్నా, ఈనాడు మేం చదువుతున్న రూపానికి ఎక్కువగా ఊపిరి పోసింది 1970ల మెక్సికో. టబాస్కో రాష్ట్రంలోని కార్దెనాస్‌లో ఉష్ణమండల వ్యవసాయ కళాశాల ఒకటి ఉండేది. అక్కడి వేడికీ, కుండపోత వానలకూ విత్తనం, ఎరువు, పురుగుమందు కలిపి ఇచ్చే హరిత విప్లవపు పొట్లం సరిపడలేదు. ఎరువు కొట్టుకుపోయేది, పురుగు పెరిగేది. చుట్టుపక్కల మాయా అనే స్థానిక జాతి రైతులు మాత్రం మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మడిలో కలిపి పండించుకుంటూ నిలదొక్కుకున్నారు. ఎఫ్రాయిమ్ ఎర్నాందెస్ షోలోకోత్సీ అనే వృక్షశాస్త్రవేత్త విద్యార్థులను తరగతి గదుల నుంచి ఆ పొలాల్లోకి నడిపించాడు. స్టీఫెన్ గ్లీస్‌మన్ లాంటి జీవావరణ శాస్త్రవేత్తలు తాము అడవులను చదివిన కళ్ళతోనే ఆ మడులను చదవడం మొదలుపెట్టారు. తర్వాత 1981లో గ్లీస్‌మన్ కాలిఫోర్నియాకు వెళ్ళి ఈ పాఠాన్ని విశ్వవిద్యాలయంలో పెట్టాడు. అంటే పొలం ముందు వచ్చింది, తరగతి గది తర్వాత.

మన దగ్గర ఇంకా ముందే ఇలాంటి చూపున్న వాళ్ళున్నారు. 1889లో బ్రిటిష్ ప్రభుత్వం మన వ్యవసాయాన్ని బాగు చేయడానికి సలహా చెప్పమని జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను పంపింది. 1893లో అచ్చయిన ఆయన నివేదిక, ఇక్కడి మంచి రైతు సగటు బ్రిటిష్ రైతుకు ఏమీ తీసిపోడనీ, కొన్ని విషయాల్లో మెరుగనీ తేల్చింది. 1905లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి వచ్చిన వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ రైతులనూ, పైరుకు పట్టిన పురుగులనూ తన గురువులుగా ఎంచుకున్నాడు. 1924 తర్వాత ఇండోర్‌లో ఆయన స్థిరపరచిన కంపోస్టు పద్ధతి ప్రపంచమంతా పాకింది.

ఇక 'ఉష్ణమండల' అనే మాట ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలి. మన వ్యవసాయ కళాశాలల్లో బోధించే నేల శాస్త్రంలో చాలా భాగం చలి దేశాల నేలల మీద కట్టింది. అక్కడ చలికాలం నేలను నెలల తరబడి నిద్రపుచ్చుతుంది. సేంద్రియ పదార్థం మెల్లగా కుళ్ళి ఏళ్ళ తరబడి పోగుపడుతుంది. మన దగ్గర ఆ విశ్రాంతి లేదు. వేడి పది డిగ్రీలు పెరిగితే కుళ్ళే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూల సూత్రం. అందుకే ఇక్కడ పశువుల ఎరువు ఒకసారి తోలి మూడేళ్ళు నిశ్చింతగా ఉందామంటే కుదరదు. మండు వేసవిలో బోసిగా వదిలేసిన ఎర్ర నేల తన కర్బనాన్ని ఊదేసుకుంటుంది. పైగా ఎర్ర నేలల్లోని బంకమట్టికి పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. అందులోని ఇనుము భాస్వరాన్ని గట్టిగా కట్టేసి మొక్కకు అందనివ్వదు. ఈ మూడు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచాలన్న మాట ఇక్కడ ఎంత అవసరమో తెలుస్తుంది. చలి దేశంలో అది మంచి అలవాటు మాత్రమే. ఇక్కడ అది నేల బతుకు.

భాస్వరం మాట వచ్చింది కాబట్టి, నన్ను ఈ చదువు వైపు లాగిన విషయం చెప్తాను.

జొన్నలో కంది కలిపి వేయడం దక్కన్ పీఠభూమిలో తరతరాల పద్ధతి. దాన్ని పేదవాడి జాగ్రత్తగా, ఒక పంట పోతే ఇంకొకటి దక్కుతుందన్న ఆశగా మాత్రమే చాలామంది చూశారు. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వచ్చాక ఈ జోడీని కొలిచి చూశారు. కంది మొదటి రెండు మూడు నెలలూ నెమ్మదిగా ఎదుగుతుంది. ఆ వెలుతురూ తేమా జొన్న వాడుకుంటుంది. జొన్న కోసేశాక ఆ జాగా అంతా కందిది. దీన్ని లెక్కకట్టడానికి 1980లో మీడ్, విల్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు భూ సమాన నిష్పత్తి అనే కొలమానాన్ని స్పష్టంగా నిర్వచించారు. విడిగా వేసినప్పటి దిగుబడిలో జొన్న తొంభై శాతం, కంది అరవై శాతం ఇచ్చాయనుకుందాం. అప్పుడు నిష్పత్తి ఒకటిన్నర. ఆ పంటను విడివిడిగా తీయాలంటే ఎకరం చాలదు, ఎకరంన్నర కావాలి. సన్నకారు రైతుకు ఇంతకన్నా పెద్ద వార్త ఉండదు.

అక్కడితో ఆగలేదు. ఎర్ర నేలలో భాస్వరం ఎరువు వేయకపోయినా కంది ఎందుకు బతికిపోతోంది? జపాన్ శాస్త్రవేత్తలు ఇక్రిశాట్ వాళ్ళతో కలిసి దీని వెంట పడ్డారు. కంది వేళ్ళు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని స్రవిస్తాయనీ, అది ఇనుముతో జట్టుకట్టి భాస్వరాన్ని విడిపిస్తుందనీ తేలింది. 1990లో ఈ సంగతి 'సైన్స్' పత్రికలో వచ్చింది. కంది రాల్చిన ఆకుతో ఆ భాస్వరంలో కొంత పైమట్టికి చేరి తర్వాతి పంటకు దక్కుతుంది. పక్క పొలం పెద్దాయనకు ఇది చెప్పాను. ఆయన తల ఊపి, "కంది వేసిన చేను మరుసటేడు బలంగా ఉంటుందని మా నాన్న అనేవాడమ్మా, ఎందుకని ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆయనకు ఫలితం తెలుసు, నాకు కారణం తెలిసింది. ఈ రెండూ ఒకచోట కలవాలంటే మేమిద్దరం ఒకే గట్టు మీద ఉండాలి. విశ్వవిద్యాలయం ఆవరణలో రెండేళ్ళు ఉండి వచ్చే విద్యార్థికి ఆ గట్టు సెలవుల్లో మాత్రమే దొరుకుతుంది.

మా జిల్లాకు సంబంధించిన రెండో సంగతి కన్నీటి సంగతి. 2000లో అనంతపురం వేరుశనగ మీద కాండంకుళ్ళు వైరస్ తెగులు విరుచుకుపడింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ ఏడాది ఊళ్ళు ఎలా ఉన్నాయో మా సంఘంలోని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. పొగాకు స్ట్రీక్ వైరస్ దీనికి కారణమని తర్వాత గుర్తించారు. ఆ వైరస్ దాక్కున్న చోటు వయ్యారిభామ మొక్క. దానికి వైరస్ ఉన్నా జబ్బు కనిపించదు. దాని పుప్పొడి గాలికి ఎగిరి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీకినప్పుడు ఆ గాయాల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. లేత వయసులో సోకితే మొక్క చచ్చిపోతుంది.

తెగులు దారి గమనించండి. వేరుశనగ నుంచి వేరుశనగకు పాకే తెగులు కాదిది. గట్టు నుంచి, బీడు నుంచి, బాట పక్క నుంచి వచ్చింది. చేను లోపల మాత్రమే చూసేవాడికి ఇది అర్థం కాదు. తామర పురుగుకు మందు కొట్టడం ఒక్కటే సమాధానమైతే, ఏటా ఆ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. శాస్త్రవేత్తలు చెప్పిన సలహాల్లో నాకు అన్నిటికన్నా విలువైనవి రెండు: వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ కొన్ని సాళ్ళు వేసి పుప్పొడికీ పురుగుకూ అడ్డుకట్ట కట్టడం. మొదటిది ఒక రైతు చేతిలో లేదు. ఊరంతా కలిసి బీళ్ళను శుభ్రం చేయాలి. అంటే పంచాయతీ, ఉపాధి హామీ పనులు, ఉమ్మడి భూముల పెత్తనం అన్నీ ఈ తెగులు పాఠంలో భాగమే. రెండో సలహా వెనక ఒక చరిత్ర ఉంది. చిరుధాన్యాలను పక్కకు నెట్టి, మైళ్ళ కొద్దీ ఒకే పంట పరిచిన చరిత్ర. వైరస్, పుప్పొడి, పురుగు, బీడు, మార్కెట్, పంచాయతీ అన్నిటినీ ఒకే చూపులో పట్టుకోవడమే అగ్రోఎకాలజీ. అలాంటి చూపు ప్రయోగశాలలో దొరుకుతుందని యూజీసీ ఎలా అనుకుంది?

ప్రాక్టికల్స్ అవసరం లేదని నేను అనడం లేదు. నా తగవు వాటిని ఎక్కడ చేయాలన్న దాని మీద. మాకు ఇచ్చిన పనుల్లో సగానికి పైగా ఖరీదైన పరికరం ఏదీ అడగవు. అడుగు కోసేసిన డబ్బాను నేలలోకి దించి, కొలిచిన నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాయడం. ఎండిన మట్టిగడ్డను నీళ్ళలో వేసి అది నిలుస్తుందో విడిపోతుందో చూడడం. సాయంత్రం గ్లాసులను నేల మట్టానికి పూడ్చి, తెల్లవారాక వాటిలో పడిన పురుగులను వేరు చేసి లెక్కపెట్టడం. వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది టీ సంచుల పరీక్ష. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని ప్రతిపాదించారు. ఒకే రకం గ్రీన్ టీ, రూయిబోస్ అనే ఎర్ర టీ సంచులను ఎనిమిది సెంటీమీటర్ల లోతున పాతి, మూడు నెలల తర్వాత తీసి తూకం వేస్తారు. ఎంత కుళ్ళిందో, ఎంత మిగిలిందో చూసి ఆ నేల జీర్ణశక్తిని అంచనా కడతారు. పద్ధతి అందరికీ ఒకటే కాబట్టి ఏ దేశం నేలతోనైనా పోల్చవచ్చు. ఈ పనులన్నీ మా పొలంలో చేస్తే నాకు దొరికేది మా పొలం లెక్క. ఆ లెక్క సంఘం సమావేశంలో పెట్టవచ్చు, రైతులు దాన్ని ప్రశ్నించవచ్చు. కళాశాల క్షేత్రంలో చేస్తే దొరికేది మార్కు.

సహాధ్యాయుల సంగతి కూడా చెప్పాలి. దూరవిద్యలో స్నేహాలు ఉండవంటారు. నా చదువు మొత్తంలో నేను ఎక్కువ నేర్చుకున్నది పశ్చిమ కెన్యాలో టీచరుగా పనిచేస్తున్న ఒక సహాధ్యాయిని నుంచి. వాళ్ళ మొక్కజొన్నకు రెండు శత్రువులు: కాండం తొలిచే పురుగు, వేళ్ళ నుంచి పీల్చి బతికే స్ట్రైగా అనే కలుపు. నైరోబీలోని ఇసిపే అనే కీటక పరిశోధనా సంస్థలో జెయావుర్ ఖాన్ అనే భారతీయ శాస్త్రవేత్త 1990ల్లో సహచరులతో కలిసి పుష్ పుల్ పద్ధతిని తీర్చిదిద్దాడు. సాళ్ళ మధ్య డెస్మోడియం అనే కాయజాతి మొక్క. దాని వాసన రెక్కల పురుగును తరుముతుంది, దాని వేళ్ళ స్రావం స్ట్రైగాను అణచివేస్తుంది. చేను చుట్టూ నేపియర్ గడ్డి. అది పురుగును తన వైపు లాక్కుంటుంది. పుస్తకంలో ఇది అందమైన పటం. ఆవిడ మాత్రం, డెస్మోడియం విత్తనం ధర ఎక్కువనీ, పశువులు ఉన్న ఇళ్ళవాళ్ళే దీన్ని ఆనందంగా కొనసాగిస్తున్నారనీ, పాడి లేని ఇంటికి ఆ గడ్డి భారమనీ చెప్పింది. ఇలాంటి మాట ఏ పాఠంలోనూ రాలేదు. ఆమె కూడా ఊరు వదిలి ఏ ఐరోపా నగరంలోనో ఉండి ఉంటే ఆ సంగతి మాకు తెలిసేది కాదు. మా ఇద్దరి చర్చల నుంచే మా సంఘంలో ఒక ప్రశ్న మొదలైంది: వేరుశనగ చుట్టూ సజ్జ సాళ్ళు వేయమని చెప్తున్నాం సరే, ఆ సజ్జ చొప్ప ఎవరి పశువుకు, ఆ గింజ ఎవరి వంటింటికి?

ఇంత మెచ్చుకున్నాక, ఈ చదువు మీద నాకున్న కోపం కూడా దాచను.

ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ 2018లో అగ్రోఎకాలజీకి పది మూలాంశాలు చెప్పింది. వాటిలో ఒకటి, జ్ఞానాన్ని అందరూ కలిసి సృష్టించి పంచుకోవడం. ఈ సూత్రం మా మొదటి పాఠంలోనే ఉంది. ఒక వ్యాసంలో, వేసవి దుక్కి లోతు గురించి మా ఊరి మహిళా రైతు ఒకామె చెప్పిన మాటను నేను ఆధారంగా చూపించాను. దిద్దినవారు దాని పక్కన 'ఆధారం లేదు' అని రాసి మార్కులు తగ్గించారు. అదే మాటను ఏదైనా పత్రికలో వచ్చిన పరిశోధన నుంచి ఎత్తి రాస్తే పూర్తి మార్కులు. ఆమె మాట పరీక్షకు నిలుస్తుందో లేదో చూడమని అడిగి ఉంటే సంతోషించేదాన్ని. రైతు మాట తప్పు కావచ్చు, కొలిచి చూడాల్సిందే. కొలవడానికి కూడా పనికిరాదనడం ఆ మొదటి పాఠాన్ని కొట్టివేయడమే.

ఇంకా ఉన్నాయి. ఫీజు విదేశీ డబ్బులో కట్టాలి, ఉపకార వేతనం లేకపోతే నా జీతంలో వీలయ్యేది కాదు. పురుగుల గుర్తింపు తెర మీద నేర్చుకోవడం నిజంగా కష్టం. పరాన్నజీవి కందిరీగకూ మామూలు కందిరీగకూ తేడా సూక్ష్మదర్శిని కింద, పక్కన గురువు ఉండి చూపిస్తేనే కంటికి పట్టుబడుతుంది. ఈ విషయంలో నిషేధం పెట్టినవాళ్ళ మాటే సరి. అన్నిటికన్నా పెద్ద అడ్డు ఇంగ్లీషు. మా సంఘంలో నాకన్నా బాగా చేను చదవగలిగిన డిగ్రీ అమ్మాయిలు ఇద్దరు ఈ కోర్సుకు దరఖాస్తు కూడా పెట్టలేదు. పిల్లలను, పశువులను, అత్తమామలను వదిలి తిరుపతికో హైదరాబాదుకో వెళ్ళి చదివే వీలు వాళ్ళకు ఎటూ లేదు. ఇంటి దగ్గరుండి చదివే ఒకే ఒక్క దారి పరాయి భాషలో ఉంది.

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. కాలేజీ గడప తొక్కే అవకాశం లేని వాళ్ళకు తెలుగులో డిగ్రీ చదువు చెప్పవచ్చని నాలుగు దశాబ్దాల కిందటే చూపించిన నేల మనది. ఆకాశవాణి పాడిపంటల కార్యక్రమం విని ఎరువుల మోతాదు నేర్చుకున్న రైతులు ఊరూరా ఉన్నారు. దూరం నుంచి వ్యవసాయ పాఠం చెప్పడం మనకు కొత్త కాదు.

ఇప్పుడే ఇది ఎందుకు కావాలంటే, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని రాష్ట్రమంతా విస్తరిస్తోంది. ఎండాకాలంలోనే, వానలకు ముందే, రకరకాల విత్తనాలు కలిపి చల్లి నేలను కప్పే పద్ధతిని ఊళ్ళలోకి తెచ్చింది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం దక్కింది. పులివెందులలో అగ్రోఎకాలజీ పరిశోధనకు ఇండో జర్మన్ అకాడమీ కూడా ఏర్పడింది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు దశాబ్దాలుగా విత్తన నిధులు నడుపుతున్నారు. ఇంత పెద్ద ప్రయత్నం మన ఊళ్ళలో జరుగుతుంటే, దాన్ని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు. ఊరి స్థాయిలో నిలబడి కొలవగలిగిన వాళ్ళే తక్కువ. ఆవు పేడ, మూత్రం, బెల్లంతో పులియబెట్టిన జీవామృతం వేసిన మడికీ వేయని మడికీ తేడా ఎంత, ఆ తేడా ఎరువు వల్లనా లేక నేలను కప్పడం వల్లనా, కూలి ఖర్చు ఎవరి ఒంటి మీద పడింది? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాబట్టే చదువు చదివినవాళ్ళు ప్రతి మండలంలో నలుగురైనా ఉండాలి. వాళ్ళను నగర కళాశాలల నుంచి పంపలేం. అక్కడే తయారు చేయాలి.

అందుకు నేను కోరేది ఇది. అగ్రోఎకాలజీ వరకు నిషేధాన్ని సడలించి, తెలుగులో ఒక పీజీ కోర్సు మొదలుపెట్టాలి. చేరే ప్రతి విద్యార్థికీ రెండు ఖరీఫ్‌లు పరిశీలించడానికి ఒక మడి తప్పనిసరి కావాలి, సొంతమైనా కౌలుదైనా పక్కింటివాళ్ళదైనా. ఆ మడి లేనివాళ్ళను చేర్చుకోకూడదు. పత్రాల దుకాణాలను ఆపడానికి ఇంతకన్నా గట్టి తాళం నాకు తోచదు. సూక్ష్మదర్శిని, మట్టి పరీక్ష, పురుగుల గుర్తింపు కోసం కృషి విజ్ఞాన కేంద్రాల్లో శిబిరాలు పెట్టాలి. మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో మొదలైంది, ఇప్పుడు దేశంలో ఏడు వందలకు పైగా ఉన్నాయి, మా జిల్లాలోనూ ఉన్నాయి. మౌఖిక పరీక్షలో ఆచార్యుడి పక్కన ఆ ఊరి రైతు ఒకరు కూర్చుని ప్రశ్నలు అడగాలి, మార్కులు వేయాలి. మహిళా రైతు అయితే మరీ మంచిది.

విద్యా సంవత్సరాన్ని కూడా మార్చాలి. నా కోర్సు సెప్టెంబరులో మొదలవుతుంది. అప్పటికి మా వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే దశలో ఉంటుంది. విత్తనం ఎప్పుడు పడింది, ఎంత తేమలో పడింది, మొలక ఎంత శాతం, బీట్లో వయ్యారిభామ ఎప్పుడు పూసింది అన్న వివరాలన్నీ చేజారిపోయాక పరిశీలన పుస్తకం తెరవమంటారు. ఇక్కడ ఆ పుస్తకం మే నెలలో, మొదటి వానకు ముందు తెరవాలి. తెలుగులో కోర్సు తయారు చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, మిగతావన్నీ నెమ్మదిగా తేల్చుకున్నా ఈ ఒక్కటి మాత్రం మొదటి రోజే రాసుకోండి.